నూకరత్నం ముక్కులో బూజు

మా తోటికోడలు నూకరత్నం ముక్కు గురించి చెప్పాలంటే ముందు ఎండుచేపల గురించి చెప్పాలి. మొగల్తూరు దాటి సముద్రం వైపు వస్తే ఇసుక మీద మా పేట ఉంటుంది. మగవాళ్ళు వేటకి వెళ్తారు. పచ్చిగా అమ్ముడుపోగా మిగిలిన చేపల్ని మేం ఆడవాళ్ళం ఉప్పేసి, ఇసుక మీద పాత వలలు పరిచి ఎండబెడతాం. ఎండినవి గంపలకెత్తి నరసాపురంలో బంగార్రాజు గారి కొట్లో వేస్తాం.

చేప ఎండిందా లేదా అన్నది కంటితో చూస్తే తెలియదు. పైకి కర్రలాగే ఉంటుంది. లోపల ముల్లు దగ్గర తడి ఉండిపోతుంది. నాలుగు రోజులు గంపలో మగ్గితే బూజు పడుతుంది. ముందే కనిపెట్టాలంటే ముక్కుండాలి. ముక్కందరికీ ఉంటుంది గానీ మా అక్క ముక్కు వేరు. నేను తనని అక్కా అనే పిలుస్తాను. గంప మీద కప్పిన గోనె తీయకుండానే చెప్పేసేది.

"ఇది మంగళవారం ఉప్పేసింది. ఉప్పు చాల్లేదు. ఇంకో రెండెండలు పడాలి. తీసుకుపో."

పేటలో ఎవరు గంప కట్టినా అక్క వచ్చి వాసన చూసి తలూపాలి. అప్పుడే తాడు బిగించేవాళ్ళు.

ఒకసారి బంగార్రాజు గారు సరదాకి అక్క కళ్ళకి తువ్వాలు కట్టారు. మూడు గంపలు వరసగా పెట్టించారు. అక్క ముక్కు ముందుకు చాపి నడుచుకుంటూ వెళ్ళింది.

"మొదటిది మాదండి. రెండోది మా పక్కింటోళ్ళది. మూడోది మా ఊరిది కాదు, ఏటి అవతలిది. నాలుగోది..." అని ఆగింది. "నాలుగోది గంప కాదండి. మీ గుమస్తా."

గుమస్తా పాపం అక్కడ నిలబడి ఉన్నాడు. కొట్లో జనమంతా పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి బంగార్రాజు గారు అక్క చూసిన గంపని మళ్ళీ విప్పి చూసేవారు కాదు. అక్కకి అంతకంటే పెద్ద గౌరవం లేదు.

ఆ ముక్కుకి కుడి పక్కన ఎర్రరాయి పుడక ఉండేది. వాళ్ళమ్మ పెట్టింది. తొంభై ఆరు తుఫాను అయిన రెండో ఏడు, వానలు మొదలయ్యే ముందు దాని మర అరిగిపోయింది. నరసాపురంలో కంసాలి వీరబ్రహ్మం గారికిచ్చాం.

"రేపు రండమ్మా," అన్నారు.

ఆయన రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియాలి. వానలన్నీ అయిపోయాయి గానీ ఆ రేపు రాలేదు. పుడక లేకపోతే చిల్లు పూడుకుపోతుందని అక్క చీపురుపుల్ల విరిచి అందులో దోపుకుంది. మా దగ్గర అందరూ చేసే పనే. నేనూ చేశాను.

దీపావళి వచ్చేసరికి అక్కకి కుడి ముక్కు మూసుకుపోయింది. జలుబనుకున్నాం. ఆశీర్వాదం గారని మాకో ఆర్.ఎం.పి. ఉన్నారు, ఆయనా జలుబనే అనుకున్నారు. తర్వాత ముక్కు లావెక్కింది. నొప్పి లేదు, చీము లేదు. మెత్తగా కాకుండా గట్టిగా, నున్నగా, జీడిమామిడి పండులాగ తయారైంది. ఆశీర్వాదం గారు ఇంజక్షన్లు పొడిచారు. ఓ పది పొడిచాక ఆయనే చేతులు కడిగేసుకున్నారు.

"ఆయ్, ఇది నా వల్ల కాదమ్మా. భీమవరంలో ముక్కు డాక్టరు గారికి చూపించండి."

మా బావగారు త్రిమూర్తులు నోరు ఊరుకోదు. "మా ఇంట్లో దీపం అక్కర్లేదు. దీని ముక్కే మెరిసిపోతుంది," అనేవాడు. అక్క కూడా నవ్వేది. నవ్వు పోయింది మాత్రం ముక్కు చూసి కాదు. ఒక గంప చూసి.

మా నెత్తళ్ళ గంపే అది. అక్క వాసన చూసి తలూపింది. బంగార్రాజు గారి కొట్లో నాలుగు రోజులున్నాక విప్పితే లోపలంతా తెల్లగా బూజు. అక్క ముక్కుకి వాసనే తెలియడం లేదని అప్పుడు బయటపడింది. ముందే తెలుసంట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదంట. బంగార్రాజు గారు పల్లెత్తు మాటనలేదు. కానీ తర్వాతి వారం అక్క గంప దించగానే ఆయన వంగి, తాడు విప్పి, తనే వాసన చూసుకున్నారు. అక్క పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసింది.

"తిడితే బాగుండేది సత్తీ," అంది నాతో.

పేటలో ఈలోగా ఒక మాట పాకింది. కేన్సరంట, ముక్కు కోసేస్తారంట అని. అక్క పైకి ధైర్యంగానే ఉండేది గానీ, అద్దం చూసుకోవడం మానేసింది. నేనే బలవంతాన రైలెక్కించి భీమవరం తీసుకెళ్ళాను.

డాక్టరు జ్ఞానప్రకాశం గారు పెద్దాయన. తలకి లైటు కట్టుకుని ముక్కులోకి చాలాసేపు చూశారు. "ఒక చిన్న ముక్క తీసి పరీక్షకి పంపించాలమ్మా," అన్నారు.

"ముక్కులోంచి ముక్కా!" అంది అక్క. "కూరకి సరిపోద్దాండీ?"

నర్సు గారు నవ్వి చేతిలో సీసా వదిలేయబోయింది. ముక్క తీశారు. విశాఖపట్నం పంపించి చూడాలి, పదిహేను రోజులు పడుతుంది అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు నరసాపురంలో దిగి వీరబ్రహ్మం గారి కొట్టు ముందు నుంచి వెళ్తుంటే, ఆయనే పిలిచి పుడక చేతిలో పెట్టారు. ఆ రేపు ఆ రోజొచ్చింది. అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, నా చేతిలో పెట్టేసింది.

"నాకు ముక్కుంటదో ఉండదో. నువ్వు పెట్టుకోవే."

నేను ఏడ్చాను. నిజం చెప్పాలంటే, ఇంటికెళ్ళి ఏడుస్తూనే పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. నాకు బాగానే ఉంది.

ఆ పదిహేను రోజులూ అక్క ఎవరి గంపా వాసన చూడలేదు. పిలిచినవాళ్ళు కూడా లేరు.

పదిహేనో రోజు మళ్ళీ వెళ్ళాం. డాక్టరు గారు కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. "కేన్సరు కాదమ్మా. బూజు."

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"బూజేంటండీ?" అంది అక్క. "నేనేమన్నా పాడుబడ్డ కొంపనా?"

"ముక్కులో ఎప్పుడైనా ఏదైనా పెట్టుకున్నావా?"

"పుడక పెట్టుకునేదాన్నండి. దాని మర పోతే చీపురుపుల్ల పెట్టుకున్నా, చిల్లు పూడిపోకుండా."

"ఏ చీపురు?"

అక్క నా వంక చూసింది. "వాకిలి చీపురేనండి. అదే అందింది." అని, అంతలోనే ఏదో తట్టినట్టు లేచి నిలబడింది. "అయినా అదేంటి బాబుగారూ! చీపురు పెడితే బూజు పోవాలి గానీ, రావడమేంటి?"

డాక్టరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది, అంత నవ్వారు. నవ్వాక నెమ్మదిగా చెప్పారు. ఇది గోడకి పట్టే బూజు కాదు, పచ్చడి మీద తెల్లగా పడుతుంది చూడండి, ఆ జాతిది. మట్టిలోను, కుళ్ళిన ఆకుల్లోను ఉంటుంది. మనుషుల జోలికి రావడం చాలా అరుదు. గీరుకున్న చోటుంటే దూరి లోలోపల పాకుతుంది. చీపురుపుల్ల వల్లే అని గట్టిగా చెప్పలేను, అయినా ఇక ముందు పెట్టొద్దు.

"ఎండుచేపకి పడుద్ది, అలాంటి బూజా అండీ?" అడిగింది అక్క.

"అలాంటిదే."

అక్క మెల్లగా మళ్ళీ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది. "పేటలో ఎక్కడ బూజున్నా నేను పట్టుకునేదాన్ని. ఇప్పుడది నన్నే పట్టుకుందే సత్తీ."

డాక్టరు గారిని ఇంకో ప్రశ్న అడిగింది. తన ప్రాణం గురించి కాదు. "నా ముక్కులో బూజు నా చేపలకి అంటుద్దా అండీ?"

"అంటదు. మనుషులకీ అంటదు. ముక్కు కోయక్కర్లేదు. కానీ మందు మానేశావో, పెదవికీ బుగ్గకీ పాకుద్ది. మొహం గుర్తుపట్టలేకుండా అయిపోద్ది. నెలల తరబడి వాడాలి."

"ఇది చాలామందికి వస్తదాండీ?" అన్నాను నేను.

"నా పాతికేళ్ళ సర్వీసులో ఈవిడ రెండో మనిషి."

ఇక చూసుకోండి. భీమవరం నుంచి నరసాపురం దాకా రైల్లో కూర్చున్నవాళ్ళందరికీ అక్క ముక్కు చూపించింది. "పాతికేళ్ళలో రెండోదాన్నంట! ఊరికే వచ్చే జబ్బు కాదు." పొద్దున్న పైటచెంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిన మనిషి.

మందు ముదురురంగు సీసాలో నీళ్ళలాంటిది. ఇన్ని చుక్కలని లెక్కపెట్టి పాలల్లో కలుపుకుని రోజుకి మూడుసార్లు తాగాలి. చుక్కలు రోజురోజుకీ పెంచుకుంటూ పోవాలి. "ఇందులో ఏముంటదండి?" అని అక్క అడిగితే, మాకు అర్థమయ్యేలా చెప్దామని డాక్టరు గారు, "ఇదీ ఒక రకం ఉప్పే అనుకో," అన్నారు. ఆయన మంచికే అన్నారు. కానీ ఉప్పు అన్న మాట ఎవరితో అంటున్నారో చూసుకోలేదు.

నెల తిరిగేసరికి ముక్కు కొంచెం తగ్గింది. కానీ ఆ మందుతో నోరంతా తుప్పుపట్టిన మేకు చప్పరించినట్టు ఉండేదంట. ముక్కు, కళ్ళు ఒకటే కారేవి. అన్నం ముందు కూర్చుంటే కడుపులో తిప్పేది. అప్పుడు అక్కకి ఒక ఆలోచన వచ్చింది.

మాఘమాసంలో ఒక రోజు పది గంటలప్పుడు నేను చేపలు తిరగేయడానికి వెళ్ళాను. వల మీద సావడా చేపలు పొడుగ్గా వరసగా పరిచి ఉన్నాయి. ఆ వరసలోనే, వాటి పక్కన, అక్క వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు మూసుకుంది. ముక్కు మీద తడిపిన కల్లుప్పు కుప్పగా పోసి ఉంది. రెండు కాకులు దగ్గర్లో కూర్చుని ఆలోచించుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడే బావగారు వేట నుంచి భుజాన వలతో వచ్చాడు. పెళ్ళాన్ని చూసి ఆగిపోయాడు.

"ఏంటే ఇది?"

"మాట్లాడించకు. ఉప్పు రాలిపోద్ది."

"అలాగే. ఒక పక్కే ఎండితే ఎలా మరి? మధ్యాన్నం తిరగెయ్యమంటావా?"

నేను నవ్వాపుకోలేక ఇసుకలో కూలబడ్డాను. కానీ లేచి దగ్గరికెళ్ళి ఉప్పు తుడిచి చూస్తే నవ్వు పోయింది. చర్మం ఎర్రగా కమిలిపోయి పొట్టు లేస్తోంది. అది సరే, ఎండకి. తగ్గిన వాపు మళ్ళీ మొదటికొచ్చింది. పై పెదవి కూడా ఒక పక్క లేచింది. ఇంట్లోకెళ్ళి వెతికితే రెండో నెల మందు సీసా ఉప్పుకుండ వెనకాల ఉంది. నిండుగా ఉంది.

"ఎన్నాళ్ళైంది మానేసి?"

"మూడు వారాలు." నేల చూస్తూ చెప్పింది. "డాక్టరు గారే కదే ఉప్పన్నారు? బూజుకి ఉప్పు, ఎండ. మనకి తెలియని పనా? మనింట్లో బస్తాలకి బస్తాలు ఉప్పు పెట్టుకుని, ఆ మేకు నీళ్ళు తాగడమెందుకని..."

నాకు కోపం, భయం ఒకేసారి వచ్చాయి. డాక్టరు గారన్న మాట గుర్తొచ్చింది, పెదవికి పాకుద్దని. నా ముక్కుకున్న పుడక చూపించి, "చూడు, నువ్వు మందు తాగకపోతే ఇది నాదే. చచ్చినా ఇవ్వను," అన్నాను. ఆ రోజే బయల్దేరదీశాను.

డాక్టరు గారు పెదవి చూసి నవ్వలేదు. తిట్టనూ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"నూకరత్నం గారూ, ఆ రోజు ఉప్పన్నాను, తప్పు నాది. పటిక కూడా ఉప్పులాగే తెల్లగా ఉంటుంది కదా. దాంతో చేప ఊరేస్తారా?"

"అయ్యో, వగరెక్కిపోద్దండి. ఎవరేస్తారు?"

"ఈ మందూ అంతే. ఉప్పుల్లో వేరే ఉప్పు. మీ కుండలోది దీని పని చేయదు. సరే, ఇంకోటి చెప్పండి. చేప పైన గట్టిగా ఎండింది. గంపకెత్తేస్తారా?"

అక్క వెంటనే అందుకుంది. ఇది తన రాజ్యం. "ఎత్తకూడదండీ! పైన ఎండితే ఏం లాభం? ముల్లు దగ్గర తడి ఉంటది. ఎత్తామా, నాలుగు రోజుల్లో లోపల్నుంచి బూజు పుట్టుకొస్తది. పైకి బాగుందనిపించాక కూడా ఇంకో రెండెండలు..."

అక్కడ ఆగిపోయింది. నోరు అలాగే తెరుచుకుని ఉంది.

"చెప్పండి," అన్నారు డాక్టరు గారు.

"ఇంకో రెండెండలు పడాలండి," అంది అక్క మెల్లగా. "అంటే నాకు ముల్లు దగ్గర తడుందంటారు."

"ఉంది. మొత్తం తగ్గిందనిపించాక కూడా ఇంకో రెండు నెలలు తాగాలి. కడుపులో తిప్పితే చుక్కలు కొంచెం తగ్గించి పెంచుదాం. మానేయడం మాత్రం లేదు."

"ఇంక మానను బాబుగారూ. తడి చేప గంపకెత్తే దాన్ని కాదు నేను."

ఆ తర్వాత ఆవిడకి ఎవరూ గుర్తుచేయక్కర్లేకపోయింది. పాలగ్లాసులో చుక్కలు వేసుకుంటూ పైకి లెక్కపెట్టేది. ముక్కు పట్టుకుని గడగడా తాగేది. తాగాక కాసేపు పేట మొత్తాన్ని తిట్టేది. ఆ తిట్లు విని మూడు పూటలూ టైము చెప్పుకోవచ్చు. బావగారు ఆ టైముకి పడవ దగ్గర పనుందని జారుకునేవాడు. పెదవి మామూలైంది. ముక్కు వారం వారం దిగింది. జీడిమామిడి పండు బత్తాయైంది, బత్తాయి నిమ్మకాయైంది, ఎండాకాలం నడిమికి ముక్కు ముక్కైంది.

కానీ వాసన రాలేదు. అక్క పైకి అనదు గానీ, రోజూ పొద్దున్నే ఒక ఎండుచేప తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. పెట్టుకుని, తీసేసి, తట్టలో పడేసేది. వాసన వస్తుందో రాదో డాక్టరు గారు కూడా హామీ ఇవ్వలేదు. ముక్కు దక్కింది, అది చాలనుకోవాలి అని నేను సర్దిచెప్పబోతే, "చేప ఎండిందో లేదో చెప్పలేని ముక్కు అందానికా?" అనేది.

తొలకరి పడ్డ రెండో రోజు నేను గుమ్మంలో కూర్చుని నెత్తళ్ళు ఏరుతున్నాను. మా ఆయన పల్లంరాజు స్నానానికని దండెం మీంచి తువ్వాలు లాక్కుని అక్క పక్కనుంచి వెళ్ళాడు. అక్క చటుక్కున తలెత్తింది.

"సత్తీ!"

"ఏంటక్కా?"

"మీ ఆయన లుంగీ ఎన్నాళ్ళైందే ఉతికి?"

నేను చేట వదిలేసి లేచాను. మా ఆయన అలాగే నిలబడిపోయాడు. "వదినా, మొన్ననే..." అన్నాడు.

"మొన్న కాదు. వారం! వారం పైనే!" అక్క కళ్ళలో నీళ్ళు. "డీజిలు, చెమట, చుట్ట. అబ్బ, ఏం కంపురా నాయనా!" అని, మరిదిని ఆపి, లుంగీ అంచు పట్టుకుని ఇంకోసారి గట్టిగా పీల్చింది. మా ఆయన పెట్టిన పొలికేక విని బయటికొచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ లుంగీని ఇంకో రెండు రోజులు ఉతకనివ్వలేదు, పొద్దున్నా సాయంత్రం సరిచూసుకోవడానికి.

రెండు నెలలు ఆగాం. డాక్టరు గారు చెప్పిన చివరి చుక్క కూడా అయ్యాక, మా గంపలతో బంగార్రాజు గారి కొట్టుకి వెళ్ళాం. ఆయన పలకరించి, అలవాటుగా మా గంప తాడు మీద చెయ్యి వేశారు. అక్క ఆ చెయ్యి పక్కకి తప్పించి, కొట్లో ఓ మూల ఉన్న వేరే ఊరి గంప దగ్గరికి నడిచింది. వంగలేదు కూడా.

"ఇది విప్పండి. అడుగున బూజుంది."

"నిన్ననే దిగింది రత్నమ్మా. నేనే చూశాను. బంగారంలాగుంది."

"పైన బంగారమే. అడుగు చూడండి."

గుమస్తా గంప బోర్లించాడు. చేపలు కిందకి జారాయి. చివర్న పడిన పది పన్నెండు కానాగంతల మొప్పల దగ్గర తెల్లగా నూగులాగ ఉంది. బంగార్రాజు గారు దాన్ని చూశారు, అక్కని చూశారు. తర్వాత మా గంప దగ్గరికొచ్చి, విప్పబోయిన తాడు మళ్ళీ ముడేసేశారు. "కాటా ఎక్కించరా," అన్నారు గుమస్తాతో. అంతే. అక్క ముక్కెగరేసి నా వంక చూసింది.

"ఇంక నా పుడక నాకిచ్చెయ్యవే."

ఇచ్చాను. ఇవ్వడానికి కొంచెం బాధేసింది, అబద్ధం ఎందుకు. కానీ అక్కకి కుడి పక్క చిల్లు ఎప్పుడో పూడుకుపోయింది. ఆ పక్క మళ్ళీ ముట్టుకోవద్దని డాక్టరు గారు ముందే చెప్పారు. అక్కణ్ణుంచే వీరబ్రహ్మం గారి కొట్టుకి వెళ్ళి ఎడమ పక్క కుట్టమన్నాం. ఆయన సూది మరిగించి, బంగారు తీగతో నొప్పి తెలియకుండా కుట్టేశారు. ఈసారి రేపు అనలేదు.

"మానేదాకా తీగ ఉంచుకోమ్మా. ఒకవేళ తీగ జారిపోతే కంగారుపడకు. చిల్లు పూడకుండా ఓ చిన్న..." అంటూ ఆయన అలవాటుగా మూలనున్న చీపురు వంక చెయ్యి చాపారు.

అక్క రెండు చేతులతో ముక్కు మూసుకుని స్టూలు మీంచి ఒక్క గెంతు గెంతింది.

"బ్రహ్మంగారూ, తవరికి పుణ్యముంటది! ఆ చీపురుతో మీ కొట్లో బూజు దులుపుకోండి. నా ముక్కు జోలికి మాత్రం రాకండి!"